ముద్రాచరణం లేని రామదాసు



శ్రీరామనవమికి ఒక పక్షం ముందునుంచే నూతన భక్తిగీతసంపుటులు వెలువడటం ఆరంభమవుతుంది. ముఖచిత్రంపై నీలమేఘశ్యాముని దివ్యమంగళవిగ్రహం, దానికంటె ఒక పిసరు పెద్దదిగా సంగీతదర్శకుని నామధేయం, కింద గాయకుని ఛాయాచిత్రం. యూట్యూబ్‌లో విడుదలైన ఆ ఆల్బము నవమినాటికి పెన్‌డ్రైవ్ రూపంలో వేంసూరు వంటి మన్యపు అంచు మండలాలలోని రామాలయాలకు సైతం చేరిపోతుంది. చలువపందిరి కింద పానకం, వడపప్పు పంచుతున్నంతసేపూ మైకుసెట్టులో అదే మ్రోగుతుంది. ఒకనాడు అదే పందిరి కింద చిడతలు, తాళాలు, కంజీర పట్టుకొని గ్రామస్థులే కూర్చుండి పాడేవారు. నేడు వారు కుర్చీలలో కూర్చుండి వింటున్నారు. నిజం చెప్పవలసివస్తే, వినడం కూడా లేదు.

ఈ ఆల్బములపై భక్తజనుల అభిప్రాయాలు ప్రతి సంవత్సరం ఒకే తీరున వినవస్తాయి. గళం మధురంగా ఉన్నదని కొందరు, వేణువు చక్కగా పలికిందని కొందరు, బీటు ఎక్కువైనదని మరికొందరు. పెద్దలు పెదవి విరుస్తారు, యువకులు మెచ్చుకుంటారు, మరుసటి నవమికి ఆ ఆల్బము పేరు ఎవరికీ జ్ఞాపకం ఉండదు. ఈ వాదప్రతివాదాలన్నింటిలో అడుగవలసిన మొదటి ప్రశ్న మాత్రం ఎవరూ అడుగరు. ఆ ఆల్బములో కీర్తన పూర్తిగా ఉన్నదా? అనగా పల్లవి మొదలుకొని వాగ్గేయకారుని ముద్ర గల చరణం వరకు ఉన్నదా?

ఈ ప్రశ్నను అడుగవలసిన బాధ్యత ఇతరులకంటె ఈ ప్రాంతీయులకే ఎక్కువ. కంచర్ల గోపన్న జన్మించినది నేలకొండపల్లిలో. తహశీల్దారుగా అధికారం నెరపినది పాల్వంచ పరగణాలో. కోవెల నిర్మించినది భద్రాద్రిపై. 2016లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఈ మూడూ ఒకే ఖమ్మం జిల్లాలో ఉండేవి. తానీషా ప్రభువు ఆయనను గోలకొండ కోటలో బంధించగా, ఆ చెరసాల నుంచి వెలువడిన ఆక్రందనమే నేడు రామదాసకీర్తనలుగా లోకమంతటా వ్యాపించింది. వేంసూరు వాసికి రామదాసు పరాయి ప్రాంతపు మహాకవి కాడు. సొంత పరగణా తహశీల్దారు. ఆయన విన్నపంలో ఏ మాట ఎగిరిపోయినదో కనిపెట్టవలసినది ముందుగా ఇక్కడివారే.

ఇక్కడ సంప్రదాయవాదులమని చెప్పుకొనేవారి పొరపాటును ముందుగా తొలగించుకోవాలి. "పూర్వపు వరుసను చెరిపివేశారు, అపచారం" అన్నది వారి ప్రధానమైన ఫిర్యాదు. ఏది పూర్వపు వరుస? రామదాసు తన కీర్తనలకు స్వరలిపి వ్రాసిపెట్టలేదు. పదిహేడవ శతాబ్దపు చెరసాలలో ఆయన కంఠం ఏ స్వరస్థానాలను స్పృశించినదో తెలిపే సాధనం ఏదీ మిగలలేదు. పాట ముఖపరంపరగా వచ్చింది, ఊరూరా మారుతూ వచ్చింది. నేడు "అసలు వరుస" అని మనవారు భావించే దానిలో అధికభాగం మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గళం ద్వారా ఇంటింటికీ చేరినదే. 1948 డిసెంబరులో ఆరంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, ఆ కేంద్రపు భక్తిరంజని కార్యక్రమం, దానికి తోడు బాలమురళి ప్రతిభ, ఈ మూడూ కలిసి ఆనందభైరవిలోని "పలుకే బంగారమాయెనా"ను తెలుగువారి నిత్యపారాయణంగా చేశాయి. అటుపిమ్మట 1980లో వచ్చిన శంకరాభరణం చిత్రంలో కె.వి. మహదేవన్ సంగీతనిర్దేశంలో వాణీజయరాం గారు రామదాసకీర్తనలు గానం చేశారు. దానిని ఎవరూ అపచారమనలేదు. 2006లో కీరవాణి గారి సంగీతంతో శ్రీరామదాసు చిత్రం వచ్చినప్పుడు కొందరు నొసలు చిట్లించారు. ఆ చిత్రం చూచిన పిదపనే రామదాసు పేరు తెలుసుకొన్న బాలురు వేలాదిగా ఉన్నారన్నది కూడా అంతే సత్యం. కనుక వరుస మారినంత మాత్రాన కీర్తన చెడదు. వాద్యం మారినా చెడదు. గిటారు శ్రీరాముని ఎదుట అస్పృశ్యమని ఏ ఆగమమూ చెప్పలేదు. హార్మోనియం సైతం ఒకప్పుడు పడమటి దేశాల నుంచి ఓడ దిగివచ్చిన వాద్యమే గదా.

అయితే ఈ ఉదారత వేదానికి వర్తించదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడం వలననే నేటి ఆల్బములలో అత్యంత ఘోరమైన ప్రమాదం జరుగుతున్నది. కృష్ణయజుర్వేద తైత్తిరీయసంహిత నాల్గవ కాండంలోని రుద్రాధ్యాయాన్ని, పురుషసూక్తాన్ని, గాయత్రీమహామంత్రాన్ని రాగబద్ధం చేసి, తబలా జోడించి, ఆపై వయొలిన్లు పరచి విడుదల చేస్తున్నారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. కాని ఉదాత్తానుదాత్తస్వరితాలు మంత్రానికి బయటినుంచి తొడిగిన ఆభరణాలు కావు. అర్థాన్ని నిర్ణయించే అంగాలు. త్వష్ట ఇంద్రుని సంహరించే పుత్రుని కోరి హోమం చేస్తూ "ఇంద్రశత్రు" శబ్దంలో స్వరం ఒక్కటి తప్పి పలికినందున సమాసమే మారిపోయి, ఇంద్రుడే ఆ పుత్రునికి హంత అయినాడన్న వృత్తాంతం వేదపాఠశాలలో ప్రథమవర్షపు విద్యార్థికి సైతం తెలుసు. పాణినీయశిక్ష పాఠకాధములను ఆరుగురిగా లెక్కించింది. పాటవలె సాగదీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, వ్రాసినదానిని చూచి చదివేవాడు, అర్థమెరుగనివాడు, గొంతు చాలనివాడు. ఈ లెక్కలో మొట్టమొదటివాడు పాటవలె సాగదీసేవాడే కావడం గమనార్హం. స్టూడియోలో కాగితం ముందు పెట్టుకొని, చెవిలోని యంత్రం నుంచి వచ్చే తాళానికి తల ఊపుతూ, అర్థం తెలియక నమకాన్ని ఆలపించే గాయకుడు ఈ ఆరింటిలో ఎన్ని లక్షణాలను ఒక్క గుక్కలో సాధిస్తున్నాడో చదువరులే లెక్కించుకొందురుగాక.

"సామవేదం గానమే గదా, ఋక్కునే గదా పాడుతున్నారు?" అని కొందరు విద్యావంతులు ప్రశ్నిస్తారు. మంచి ప్రశ్న. ఋక్కు సామంగా మారినప్పుడు అక్షరాలు సాగుతాయి, విరుగుతాయి, నడుమ స్తోభాక్షరాలు చేరుతాయి. కాని ఆ సాగదీత ఎక్కడ, ఎంత, ఏ పర్వంలో అన్నది గురుముఖతః నిర్ణీతమై ఉన్నది. సామగునికి అందులో రవ్వంత స్వేచ్ఛ లేదు. సంగీతదర్శకుడు కోరుకొనేది సరిగ్గా ఆ స్వేచ్ఛనే. స్తోత్రంలో అది కొంత లభిస్తుంది, కీర్తనలో చాలినంత లభిస్తుంది. వేదమంత్రాన్ని విడిచిపెట్టి ఆ రెండింటి వద్దకు వెళ్లమని మనవి చేయడంలో కాఠిన్యమేమీ లేదు.

ఇక కీర్తన వద్దకే వద్దాం. వరుస మారవచ్చునంటే మారకూడనిది ఏది? రామదాసు ఏమి చెప్పదలచినాడో ఆ వాక్యపరంపర. కీర్తన పల్లవిలో ఎత్తుకొన్న ఒక ప్రార్థన చరణం చరణంగా పెరుగుతూ పోయి చివర ఒక చోటికి చేరుకొంటుంది. దానిని మధ్యలో ఖండిస్తే మిగిలేది కీర్తనలో సగభాగమని కొందరు అనుకొంటారు. సగం కూడా మిగలదు. పలుసందర్భాలలో దానికి విరుద్ధమైన అర్థం మిగులుతుంది.

"ఇక్ష్వాకు కులతిలక"ను తీసుకొందాం. నిందాస్తుతికి తెలుగులో ఇంతకు మించిన ఉదాహరణ దొరకడం దుర్లభం. బందీ అయిన ఒక రెవిన్యూ అధికారి తన ప్రభువైన రామునికి లెక్క అప్పజెప్పుతున్నాడు. భరతునికి పచ్చల పతకం చేయించినాను, దానికి ఇంత పట్టింది. శత్రుఘ్నునికి మొలత్రాడు, ఇంత. లక్ష్మణునికి ముత్యాల పతకం, ఇంత. సీతమ్మకు చింతాకు పతకం, ఇంత. వరహాలు, మొహరీలు వరుసగా అంకెలతో సహా వస్తాయి. ఏ కచేరీలో లెక్క చూపలేదని శిక్ష అనుభవిస్తున్నాడో, ఆ లెక్కనే రాముని కచేరీలో పాటగా చూపుతున్నాడు! పిమ్మట స్వరం తీవ్రమవుతుంది. కలికితురాయి ధరించి కులికే స్వామిని, ఈ సొమ్ము నీ తండ్రి ఇచ్చినదా, నీ మామగారు పంపినదా అని నిలదీస్తాడు. శ్రోత ఇక్కడ ఉలిక్కిపడతాడు. కొందరు నవ్వుతారు కూడా.

కాని కీర్తన అక్కడ ఆగదు. దాని తరువాత వచ్చే చరణంలో ఆ అధికారి ఒక్కసారిగా కుప్పకూలుతాడు. తిట్టినానని కష్టపెట్టుకోవద్దని, ఒంటిపై పడుతున్న దెబ్బలను ఓర్చుకొనలేక నోరు జారినానని రాముని వేడుకొంటాడు. ఆపై తన పేరు చెప్పుకొని, తనను ఏలుకొమ్మని శరణు వేడుతాడు. అదే ముద్రాచరణం. అంతవరకు జరిగిన నింద అంతా ఆ చరణంలో శరణాగతిగా పరిణమిస్తుంది. అంకెలు చెప్పిన నోరే దెబ్బలు చెబుతుంది. ఈ రెండు చివరి చరణాలను తీసివేసి, నిలదీసే మాటల వద్ద తాళం పెంచి, గుంపుచేత అరిపించి ముగిస్తే ఏమి మిగులుతుంది? దేవుని ఎదుట నిలబడి గర్వంగా గద్దించే ఒక పోట్లగాడు మిగులుతాడు. రామదాసు మిగలడు.

ఈ కీర్తనలోని ఆ నిలదీత మాట నేడు ఎక్కడ వినబడుతున్నదో గమనించండి. రాజకీయోపన్యాసాలలో, పత్రికాశీర్షికలలో, ప్రజాధనం దుర్వినియోగమైనదని ప్రత్యర్థిని ఎత్తిపొడిచే సందర్భాలలో. అది చెరసాలలోని భక్తుని మాట అని, ఆ వెంటనే ఆయన క్షమాపణ చెప్పుకొన్నాడని ఆ వక్తలకు గాని శ్రోతలకు గాని తెలియదు. తెలియకపోవడానికి కారణం వారు నాస్తికులు కావడం కాదు. వారు ఆ కీర్తనను చివరివరకు ఎన్నడూ వినలేదు, అంతే.

చరణాలను కత్తిరించడం నేటి పని మాత్రమే కాదని అంగీకరించాలి. 78 భ్రమణాల గ్రామఫోను పళ్లెంపై ఒక ముఖాన సుమారు మూడు నిమిషాలు మించి పట్టేది కాదు. ఆనాటి విద్వాంసులు దీర్ఘకీర్తనలను కుదించక తప్పలేదు. అది యంత్రపు ఇరుకు. తరువాత వచ్చిన ఎల్పీ రికార్డు ఒక ముఖాన ఇరవై నిమిషాలకు పైగా ఇచ్చింది. క్యాసెట్టు అరగంట ఇచ్చింది. టేపురికార్డరు ఊరూరా మ్రోగిన ఆ రోజులలో చరణాలు తిరిగి ఊపిరి పీల్చుకొన్నాయి. నేడు ఆ ఇరుకు సంపూర్ణంగా తొలగిపోయింది. ఒక గంట నిడివి గల కీర్తనను ఉంచినా యూట్యూబ్ కాదనదు. ఇంత విశాలమైన వేదిక లభించిన కాలంలోనే కీర్తన మూడు నిమిషాలకు, రెండు నిమిషాలకు, చివరకు రీలులో అరనిమిషానికి కుంచించుకుపోయింది. గ్రామఫోను చేతిలో కత్తెర బలవంతంగా పెట్టబడింది. నేటివారు దానిని స్వయంగా కొనుక్కొని వచ్చారు.

ముద్ర పోవడం వలన కలిగే మరొక అనర్థం కర్తృత్వం మరుగున పడటం. రామదాసు రచనల్లో "అదిగో భద్రాద్రి" అనే కీర్తన ఉన్నది. 2006 నాటి చిత్రం కోసం భద్రగిరిని కీర్తిస్తూ నూతనంగా రచించిన గీతం మరొకటి ఉన్నది. దాని సాహిత్యం మంచిదే. కాని నేడు నవమి ఆల్బములలో ఈ రెండూ పక్కపక్కనే, భేదం చెప్పకుండా చోటుచేసుకొంటున్నాయి. రెండవదే రామదాసు స్వహస్తరచన అని నమ్మే భక్తులు కొల్లలు. ఆంధ్రజాతి అన్న భావనతో పదిహేడవ శతాబ్దపు బందీ పాడి ఉండడని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. ఆలోచించే అవకాశం శ్రోతకు ఎక్కడ? వివరాల పట్టికలో సాహిత్యం అన్నచోట "సాంప్రదాయికం" అని ఒక్క మాట వ్రాసి ఊరకుంటారు. పన్నెండేండ్లు చెరలో మ్రగ్గినవాని పేరు వ్రాయడానికి ఆ పట్టికలో స్థలం చాలలేదు. మిక్సింగ్ చేసినవాని పేరుకు, పోస్టరు వేసినవాని పేరుకు చాలింది.

ఇంతకంటె విచిత్రమైనది హక్కుల వ్యవహారం. రామదాసు సాహిత్యం ఎవరి సొత్తూ కాదు, అందరి సొత్తు. ధ్వనిముద్రణపై మాత్రం ఈ దేశపు చట్టం ప్రచురించినవారికి 60 సంవత్సరాల హక్కు ఇస్తుంది. అది న్యాయమే; గాయకుడు శ్రమించాడు, ప్రచురణకర్త ధనం వెచ్చించాడు. కాని ఒక చిన్న గ్రామపు భజనబృందం తాను స్వయంగా పాడిన కీర్తనను అంతర్జాలంలో ఉంచితే, ఆ వరుస తమదని యంత్రమే తీర్పు చెప్పి అడ్డగించే స్థితి వచ్చింది. రాజధనాన్ని రామునికి అర్పించినందుకు చెరసాల అనుభవించినవాని పాట ఇది. దీనిని పాడుకోవడానికి కూడా ఒకరి అనుమతి అడుగవలసివస్తే, తానీషా కాలమే కొంత నయమేమో! ఆయన చెరలో పెట్టినది దేహాన్ని మాత్రమే.

గాయకులు, ప్రచురణకర్తలు ధనార్జన చేయడాన్ని దోషమని ఇక్కడ ఆక్షేపించడం లేదు. ఛాందోగ్యోపనిషత్తు ప్రథమాధ్యాయంలో శౌవోద్గీథమని ఒక ఖండం ఉన్నది. ఆకలిగొన్న శ్వానాలు ఋత్విజుల వలె ఒకదానివెంట ఒకటి కదలి, హింకారం చేసి, అన్నపానాల కోసం ఉద్గీథగానం చేస్తాయి. వేదం ఆ గానాన్ని నిందించలేదు, గౌరవంగానే చెప్పింది. అన్నం కోసం పాడటం తప్పయితే అర్చకుని వృత్తి కూడా తప్పే అవుతుంది. కాని ఆ శ్వానాలు సైతం హింకారాన్ని మానలేదు, గానంలో భాగాలను తగ్గించలేదు.

అదే ఉపనిషత్తులో అంతకుముందు ఉన్న మరొక ఘట్టం నేటి ఒక నూతనపరిణామానికి నేరుగా వర్తిస్తుంది. దేవతలు అసురులను జయించదలచి ఉద్గీథాన్ని ఉపాసించారు. నాసికలోని ప్రాణంతో, వాక్కుతో, కన్నుతో, చెవితో, మనస్సుతో వరుసగా ఉపాసించగా, ప్రతిదానినీ అసురులు పాపంతో కొట్టారు. వాక్కు దెబ్బతిన్నది కనుకనే లోకం సత్యమూ పలుకుతుంది, అనృతమూ పలుకుతుంది అన్నది శ్రుతి. చివరకు ముఖ్యప్రాణంతో ఉపాసించినప్పుడు, గట్టిరాతిని తాకిన మట్టిబెడ్డ వలె అసురులే చెదరిపోయారు. గానానికి ఆధారం కంఠం కాదు, శబ్దమూ కాదు, ప్రాణం. ఇప్పుడు కృత్రిమమేధ అనే యంత్రవిద్యతో గతించిన గాయకుల గళాన్ని పునఃసృష్టించే ప్రయత్నాలు సాగుతున్నాయి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి గళాన్ని ఒక చలనచిత్రంలో ఈ విధంగా వాడుకొన్నందుకు ఆయన కుటుంబం అభ్యంతరం తెలిపిన సంగతి పత్రికాముఖంగా విదితమే. భక్తిగీతాలలోనూ ఈ యంత్రగళాలు ప్రవేశించాయి. శ్రుతి తప్పదు, తాళం తప్పదు, ఊపిరి అందకపోవడమన్నది అసలే లేదు. ఊపిరి అందకపోవడం లేని చోట ఊపిరే లేదు. దెబ్బలకు ఓర్వలేని రామదాసు చరణాన్ని దెబ్బ అంటే ఏమిటో తెలియనిది పాడటం ఎటువంటి వ్యవహారమో ఉపాసకులు యోచింతురుగాక.

ఇంతవరకు దోషమంతా ఆల్బము చేసేవారిదే అయినట్లు సాగింది. అది పక్షపాతం. దేవాలయాల దోషం, భక్తుల దోషం తక్కువవి కావు.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారి భగవద్గీతను స్మరించండి. 1974లో ఆయన పరమపదించడానికి ముందు ముద్రించి, తరువాత విడుదలైన సంపుటి. ఏరిన శ్లోకాలు, ప్రతి శ్లోకం వెనువెంటనే తెలుగు తాత్పర్యం, ఉచ్చారణలో లోపం వెదకినా దొరకని శ్రద్ధ. నేటి ఆల్బముల కర్తలు దాని ముందు కూర్చుండి పాఠం నేర్చుకోవచ్చు. ఆ మహత్తరసంపుటిని తెలుగుసమాజం ఏమి చేసింది? శవయాత్ర వాహనానికి అప్పగించింది. ఆ గళం వీధిలో వినబడగానే ఎవరు పోయారని తలుపు తీసి అడుగుతారు. ప్రాతఃకాలంలో ఇంట్లో పెట్టుకొంటే అశుభమని వారించే గృహిణులున్నారు. యుద్ధానికి వెనుదీసినవానిని కర్తవ్యోన్ముఖుని చేయడానికి పుట్టిన గ్రంథం, ఇక ఏ కర్తవ్యమూ మిగలనివానికి వినిపిస్తున్నాం. ఇందులో ఘంటసాల గారి దోషం అణువంతైనా లేదు. వినేవారు వినకపోతే ఉత్తమోత్తమమైన ముద్రణ సైతం ఒక సంకేతధ్వనిగా దిగజారుతుందనడానికి ఇంతకంటె తార్కాణం అక్కరలేదు.

దేవాలయాలలో జరుగుతున్నదీ ఇదే. ధనుర్మాసంలో గోదాదేవి తిరుప్పావై ముప్పది పాశురాలను దినానికొకటి చొప్పున అనుసంధించడం సంప్రదాయం. కొన్ని గ్రామాలలో తెల్లవారుజామున యంత్రం మీట నొక్కగానే పెన్‌డ్రైవ్ మొదటినుంచి అందుకొంటుంది. కాసేపటికి కరెంటు పోవడమో, అర్చకుడు నైవేద్యానికి లేవడమో జరుగుతుంది. ఆ ఊరివారు ముప్పది రోజులూ మొదటి పాశురమే వింటారు. గోదాదేవి నెలంతా స్నానానికి పిలుస్తూనే ఉంటుంది, ఎవరూ నిద్ర లేవరు. మీట నొక్కిన చెయ్యి అర్చకునిదే కనుక ఈ హాస్యంలో మొదటి వాటా అర్చకవర్గానిదే.

శ్రీమద్భాగవత సప్తమస్కంధంలో ప్రహ్లాదుడు భక్తిని తొమ్మిది విధాలుగా విభజించినప్పుడు శ్రవణాన్ని, కీర్తనాన్ని వేర్వేరుగా చెప్పాడు. వినడం ఒకటి, నోరు తెరచి పాడటం మరొకటి. ఆల్బము ఎంత గొప్పదైనా మొదటిదానిని మాత్రమే ఇవ్వగలదు. అదీ వినేవాడు చేతిపని మాని కూర్చుంటేనే. రెండవదానిని ఇచ్చే శక్తి దానికి స్వభావసిద్ధంగానే లేదు. ఒకరు చరణం అందిస్తే పదిమంది పల్లవి అందుకొనే భజనలో, గొంతు లేనివాడు కూడా తాళం వేస్తూ కీర్తనలో పాలుపంచుకొంటాడు. మైకుసెట్టు రాగానే ఆ పదిమంది నోళ్లూ మూతపడ్డాయి. ఆల్బములోని గాయకుని గళంతో పోల్చుకొని తమ గొంతు బాగుండదని సిగ్గుపడటం నేర్చుకొన్నారు. వెనుకటివారికి ఈ సిగ్గు లేదు. కోటలో రామదాసుకు శ్రోతలెవ్వరు?

"యువతరాన్ని ఆకర్షించాలంటే ఈ మార్పులు తప్పవు" అన్నది ఆల్బముల పక్షాన వినవచ్చే బలమైన వాదం. దీనిని తోసిపుచ్చడం సులభం కాదు. పందిరి కింద యువకులు లేని భజన ఎంతకాలం సాగుతుంది? వారికి నచ్చే వరుస కావాలంటే కట్టండి, నచ్చే వాద్యం కావాలంటే వాయించండి. ఆ వరుసలో చివరి చరణం కూడా పాడించండి, అంతమాత్రమే అభ్యర్థన. చివరి చరణం ఉంటే యువకులు పారిపోతారనడానికి ఆధారమేమిటి? తమిళదేశంలోని భజనసంప్రదాయాన్ని చూడండి. బోధేంద్రులు, శ్రీధర అయ్యావాళ్, మరుదానల్లూరు సద్గురుస్వామి నెలకొల్పిన ఆ పద్ధతిలో గోష్ఠి తోడయమంగళంతో ఆరంభమవుతుంది. అందులో రామదాసు కృతి ఉన్నది. తెలుగు మాతృభాష కాని బాలబాలికలు ఆ పాటను కంఠస్థం చేసి, గురువు తప్పుదిద్దగా నేర్చి పాడుతున్నారు. త్యాగరాజస్వామి తన రచనలలో రామదాసును భక్తితో స్మరించిన ఋణం అక్కడ ఆ విధంగా తీరుతున్నది. తూము నరసింహదాసు గుంటూరు సీమ నుంచి భద్రాద్రికి వచ్చి, రామదాసు బాటలోనే స్వామి సేవలను, సంకీర్తనాన్ని నిలబెట్టిన చరిత్ర ఇక్కడ ఎందరికి తెలుసు?

కనుక ఈసారి నవమికి నూతన ఆల్బము చేతికి అందినప్పుడు భక్తులు చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. కీర్తన పుస్తకం పక్కన పెట్టుకొని వినడం. ఏ చరణం లేదో గుర్తుపెట్టడం. రామదాసు ముద్ర వినబడినదా, సాహిత్యకర్తగా ఆయన పేరు వ్రాసినారా అని చూడటం. లేనట్లయితే ప్రచురణకర్తకు ఆ మాట మర్యాదగా వ్రాయడం. గళం గురించి, వేణువు గురించి అభిప్రాయాలు ఆ తరువాత ఎన్నైనా చెప్పుకోవచ్చు.

వేంసూరు మండలపు పల్లెలలో కీర్తనలను చరణాలతో సహా చెప్పగల వృద్ధులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వారి వద్ద చేతివ్రాత నోటుపుస్తకాలు ఉన్నాయి. అట్టలు ఊడి, నూనెమరకలు పడి, ఒక్కొక్క చరణం ఒక్కొక్క సిరాతో. శనివారం రాత్రి హారతి అయిన తరువాత మైకుసెట్టు కట్టివేసి, వారిలో ఒకరిని రామాలయ మండపంలో కూర్చుండబెట్టి, వారానికి ఒక కీర్తన చొప్పున ముద్రాచరణం వరకు పాడించుకొంటే, సెల్‌ఫోనులో దానిని పట్టుకొనే పని ఊరి కుర్రవాళ్లే చేయగలరు. అరగంట చాలు. మొదటి శనివారానికి "ఇక్ష్వాకు కులతిలక" తగినది. అంకెలు ఉన్నాయి గనుక పిల్లలు సులభంగా పట్టుకొంటారు. హార్మోనియం చాలా గుళ్లలో అటకమీదనే ఉన్నది. తిత్తిని ఎలుకలు కొరికి ఉంటే దానిని బాగుచేయించడానికి సత్తుపల్లి వరకైనా వెళ్లవలసి రావచ్చు.